తిమ్మిర్లేమీ లేవండీ

పోయినవారం మా తమ్ముడి అరచెయ్యి కాలుతున్న ఓవెన్ తలుపు మీద ఉండగా కథ ఆపేశాను. "చెయ్యి తీయించాక ఆపితే నీ సొమ్మేం పోయింది" అని మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. మీరు పత్రిక మూసి పక్కన పెట్టేశారు, నా ముక్కులోంచి మాత్రం ఆ వాసన ఇంకా పోలేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మాది వీధి మలుపులో చిన్న బేకరీ. వెనక గదిలో పిండి పిసికి రొట్టెలు కాల్చేది నా తమ్ముడు. వచ్చేవాళ్లంతా వాణ్ని మాస్టరంటారు, నాకు మాత్రం చిన్నోడే. ముందు గల్లా దగ్గర కూర్చుని అందరితో నోరు చేసుకునేది నేను. వాడి పెళ్లాం, అంటే మా మరదలు, మా ఇద్దరి మధ్యా నలుగుతూ బన్నులు కవర్లలో సర్దుతుంది. పోయినేడు పిండిబస్తా ఎత్తబోయి వాడికి నడుం పట్టేసింది. నూనె రాశాం, కాపడం పెట్టాం, "వయసొస్తోంది మాస్టరూ" అని ఎగతాళి చేశాం. తీరా ఫొటో తీస్తే వెన్నుపూస ఒకటి బిస్కెట్‌లా చిట్లి ఉంది. ఎముకల లోపలి మూలుగలో పుట్టే క్యాన్సర్, మైలోమా అన్నారు. పూర్తిగా పోయేది కాదు, అణిచిపెట్టి ఉంచాలన్నారు. అణిచిపెట్టేది వారం వారం పొట్ట మీద చర్మం కింద ఇచ్చే ఒక ఇంజెక్షన్. అది మొదలయ్యాక రక్తంలో చెడ్డ ప్రొటీను బాగా దిగింది, వాడు మళ్లీ పిండిలో చెయ్యి పెట్టాడు. హమ్మయ్య అనుకున్నాం. హమ్మయ్య అనుకున్నవాళ్లకే తగులుతుంది దెబ్బ.

"ఒరేయ్ చిన్నోడా, చెయ్యి!" అని నేను అరిస్తే వాడు తాపీగా తల తిప్పి నా వంక చూశాడు. చెయ్యి మాత్రం అక్కడే ఉంది. నేనే వెళ్లి మణికట్టు పట్టుకుని లాగాను. అరచేతి తోలు తెల్లగా ఉబ్బిపోయింది. వాడు మాత్రం ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఎవరో పట్టుకోమని ఇచ్చిన వస్తువును చూసినట్టు.

"నొప్పిగా లేదురా?"

"ఉంది... ఉందిలే."

"ఎక్కడుంది? ఏదీ, నా మొహం చూసి చెప్పు."

వాడు నా మొహం చూడలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి నీళ్లు వదిలాడు. ఆ నీళ్లు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో కూడా వాడి చేతికి తెలియడం లేదని నాకప్పుడు అర్థమైంది.

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?"

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. హాస్పిటల్లో మాత్రం ఈ సంగతి ఎత్తకు."

"ఎత్తకుండా ఎలా? చెయ్యి కాలుతుంటే తెలియడం లేదు నీకు. రేపు ఓవెన్లో తల పెట్టినా తెలియదు."

"ఎత్తితే ఏమవుతుందో తెలుసా నీకు? మోతాదు తగ్గిస్తారు. ఇంకాస్త చెబితే ఆపేస్తారు. గార్డుగారికేమైందో విన్నావుగా."

గార్డుగారు అంటే రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. ఇంజెక్షన్ హాల్లో వీడి పక్క కుర్చీ. అదే జబ్బు, అదే మందు. సిస్టర్ అడగ్గానే, కాళ్లలో తిమ్మిర్లున్నాయి, వేళ్లు మొద్దుబారుతున్నాయి అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయనకి మోతాదు తగ్గించారు. కొన్నాళ్లకి ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. అంతే, ఆ హాల్లో వాళ్లంతా కలిసి ఒక సిద్ధాంతం కట్టేశారు. నిజం చెప్పినవాడికి పచ్చజెండా ఊపేస్తారని. సిస్టర్ అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే కాబట్టి జవాబులూ ముందే తయారు. తిమ్మిర్లున్నాయా? లేవండీ. మొద్దుబారిందా? అబ్బే. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయా? మంటా, అదెలా ఉంటుందండీ? పరీక్షకెళ్లే పిల్లల్లా ఒకరికొకరు అప్పజెప్పుకుని మరీ లోపలికి వెళ్తారు. ఆ హాల్లో తప్పినవాడు లేడు, అందరూ ఫస్ట్ క్లాసే.

"చేతులు పోతే పోనీ అక్కా. ప్రాణం ఉంటుంది కదా," అన్నాడు తమ్ముడు. "పిండి నీ మరదలు పిసుకుతుంది. నేను స్టూలు మీద కూర్చుని మీ ఇద్దర్నీ తిడుతూ ఉంటా. ఆ మాత్రం చాలు నాకు. మందు మాత్రం ఆగకూడదు."

వాడు చెప్పింది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏముంది? చేతులా ప్రాణమా అంటే నేనైనా ప్రాణమే అంటాను. పిండి కొద్దీ రొట్టె అంటారు. వాడి దగ్గర మిగిలిన పిండే అంత.

అప్పుడే మరదలు ఖాళీ ట్రేలు పట్టుకుని లోపలికి వచ్చింది. వాడి చెయ్యి చూసింది. "అయ్యో" అనలేదు, "ఎలా కాలింది" అని అడగలేదు. ట్రేలు కింద పెట్టి, అలమర తీసి, మందు గొట్టం తెచ్చి రాసి, గుడ్డ చుట్టేసింది. అది కొత్త గాయానికి చేసే పనిలా లేదు.

"నీకూ తెలుసన్నమాట," అన్నాను.

"వదినా, గట్టిగా మాట్లాడకండి. ముందు జనం ఉన్నారు," అంది.

తమ్ముడు నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వెయ్యమన్నాడు. వేశాను. అక్క నోట్లో నువ్వుగింజ నానదని పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషి, అయినా వేయించుకున్నాడు. వాడి ఖర్మ, నా ఖర్మ.

ఇంజెక్షన్ రోజు గురువారం. ప్రతిసారీ మొగుడూ పెళ్లాలే వెళ్లొస్తారు. ఈసారి నేనూ బయల్దేరాను. "కొట్టు ఎవరు చూస్తారు?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. "తాళం చూస్తుంది" అన్నాను. హాస్పిటల్ గేటు దగ్గర నుంచి హాలు దాకా తమ్ముడు మరదలి భుజం మీద చెయ్యి వేసుకునే నడిచాడు. కొత్త పెళ్లికొడుకులా ఏంట్రా ఆ పట్టుకోవడం అని వెటకారం చేశాను. మరదలు నవ్వలేదు. మామూలుగా నా వెటకారానికి ముందు నవ్వేది ఆ అమ్మాయే.

హాలు నిండా జనం. గోడ వారగా కుర్చీలు, కుర్చీల కింద నీళ్ల సీసాలు, ఒళ్లో సంచులు. ఒకావిడ వాళ్లాయన చెవిలో ఏదో చెబుతోంది, ఆయన తల ఊపుతున్నాడు. ఏం చెబుతోందో నాకు తెలుసు. మమ్మల్ని చూసి ఇద్దరు ముగ్గురు "ఏం మాస్టరూ, బ్రెడ్డు తేలేదా" అని పలకరించారు. వాడు గుడ్డ కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, "మీ అందరికీ తేవాలంటే లారీ కట్టాలి" అన్నాడు. నవ్వారు. చావు పక్క కుర్చీలో కూర్చున్నా ఆ హాల్లో నవ్వులకి మాత్రం లోటు ఉండదు.

పిలిచారు. లోపల చిన్న గది. చక్రాల మంచం, పచ్చ తెర, స్టీలు ట్రే. సిస్టరమ్మ బొద్దుగా ఉంటుంది, తొందరన్నది ఎరగదు. ముందు రక్తపరీక్ష కాగితం చూసింది, రక్తం గడ్డకట్టించే కణాలు సరిపడా ఉన్నాయో లేదో చూడందే ఆవిడ సూది ముట్టుకోదట. తర్వాత బీపీ చూసింది. హెర్పిస్ పొక్కులు రాకుండా వేసుకోమన్న మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగింది. వాడు బుద్ధిమంతుడిలా అన్నిటికీ జవాబు చెప్పాడు.

"ఆ చేతికేమైంది మాస్టరూ?"

"బేకరీవాడి చేతికి కాలడం ఒక వింతా సిస్టర్? మీకు స్పిరిట్ వాసనెంతో మాకు కాలడమూ అంతే."

"తిమ్మిర్లు?"

"తిమ్మిర్లేమీ లేవండీ."

"వేళ్లు మొద్దుబారడం, చెప్పు జారిపోవడం, మెట్ల మీద తూలడం?"

"అబ్బే."

"గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?"

"అదేం ప్రశ్న సిస్టర్? చూడండి," అని చొక్కా అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. టప్ టప్ టప్ మని చొక్కా మొత్తం విచ్చుకుంది.

గుండీలు అలా విడవవు. నేను మంచానికి ఇవతల నిలబడ్డాను కాబట్టి నాకు లోపలి వైపు కనిపించింది. పైన గుండీలు గుండీల్లాగే ఉన్నాయి, కానీ కాజాలతో సహా కుట్టేసి ఉన్నాయి. అడుగున చిన్నపిల్లల గౌన్లకి కుట్టే టిచ్ బటన్లు. నొక్కితే పడతాయి, లాగితే ఊడతాయి, వేళ్లతో పనిలేదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. మా మరదలు ఏకంగా కుట్టేసింది.

మరదలి వంక చూశాను. తేలు కుట్టిన దొంగలా తెర వైపు తిరిగింది.

రెండో సిస్టర్ వచ్చింది. ఇద్దరూ కలిసి వాడి పేరు, పుట్టిన తేదీ, మందు పేరు, మోతాదు పైకి చదివి, సిరంజి మీది చీటీతో పోల్చి చూసుకున్నారు. "పోయినసారి కుడివైపు, ఈసారి ఎడమవైపు" అని సిస్టరమ్మ పాత గుర్తుకి దూరంగా పొట్ట మీద చోటు వెతికింది. ఒక మనిషి చర్మం కిందికి ఇంత మందు పంపడానికి ఎంత జాగ్రత్తో. ఇన్ని జాగ్రత్తలూ మా ఇంటి సూదీదారం ముందు దండగ. ఆవిడ అడిగేది ఊసుపోక కాదు, వాడి జవాబు కూడా ఆ మందు మోతాదులో ఒక భాగమే అని నాకు ఆ క్షణంలో తట్టింది.

"సిస్టరమ్మా, ఆగండి," అన్నాను.

"అక్కా!" అన్నాడు వాడు.

"వీడికి చేతులు మొద్దుబారిపోయాయి. ఓవెన్ తలుపు మీద చెయ్యి పెట్టి కాలుతున్నా తెలియలేదు. ఆ చొక్కాకి గుండీలు లేవు, టిచ్ బటన్లు. ఇంతకుముందు మీకు చెప్పినవన్నీ అబద్ధాలు."

సిస్టరమ్మ సిరంజి ట్రేలో పెట్టేసింది. తొందరెరగని మనిషి, గబగబా బయటికి వెళ్లింది.

మా తమ్ముడు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అన్నవాడు కాదు. ఆ రోజు అన్నాడు. "నువ్వు నా అక్కవేనా? ఒట్టేశావు. నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావు."

"తెలుసురా."

"నన్ను పాడె ఎక్కించడానికి వచ్చావా ఇవాళ కొట్టు మూసుకుని?"

మరదలు ఏడుస్తోంది. "ఎన్ని పాట్లు పడ్డామో మీకు తెలుసా వదినా? ప్రతి బుధవారం కూర్చోబెట్టి ప్రశ్నలడిగి జవాబులు చెప్పించేదాన్ని. ఆయన కాళ్లు మండుతున్నాయని ఏడుస్తుంటే తడిగుడ్డ చుట్టి, నోరు మూసుకోమని బతిమాలేదాన్ని. అదంతా ఒక్క నిమిషంలో మట్టిపాలు చేశారు. ఇంక మందు ఇవ్వరు. ఆయన్ని చంపేశారు మీరు."

నిజంగానే చంపేశానేమో అనిపించింది. స్టూలు మీద కూర్చున్నాను. నా తమ్ముడు చొక్కా విప్పుకుని అలాగే కూర్చున్నాడు, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒకప్పుడు వీడి బుగ్గలు చూసి బన్నులు అమ్ముడుపోయేవి.

డాక్టరమ్మ వచ్చింది. వయసులో నాకు కూతురంత. కూర్చోదు, కుర్చీ ఉన్నా నిలబడే మాట్లాడుతుంది. సిస్టరమ్మ దార్లోనే అంతా చెప్పినట్టుంది.

"ఎందుకు దాచారు?" అంది.

నేనే గార్డుగారి సంగతి చెప్పాను. హాల్లో అందరూ అనుకునేదీ చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది.

"ఆయన జబ్బు సంగతి మీకు చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఈ గదిలో నిజం చెప్పినందుకు ఎవరూ పోలేదు. మోతాదు తగ్గించడమంటే మందు ఆపడం కాదు మాస్టరూ. నరం పూర్తిగా చెడకముందే తగ్గిస్తే ఇదే మందు ఇంకా చాలాకాలం వాడుకోవచ్చు. చెడిపోయాకైతే ఆపక తప్పదు. మీరు ఏది జరక్కూడదని దాచారో, దాచి దాన్నే తెచ్చుకున్నారు."

"అంటే ఆపేస్తారా?" అన్నాడు వాడు.

"ఇవాళ్టికి ఇవ్వను. ముందు ఎంత దూరం పాకిందో చూడనివ్వండి. పడుకోండి. కళ్లు మూసుకుని, గుచ్చినట్టు తెలిస్తే చెప్పండి."

ఒక సన్నటి పుల్ల విరిచి ఆ మొనతో వేళ్ల దగ్గర మొదలుపెట్టింది. వాడు పలకలేదు. అరచెయ్యి, పలకలేదు. మణికట్టు దాటగానే "ఆఁ, ఇక్కడ తెలుస్తోంది" అన్నాడు. రెండో చెయ్యీ అంతే. డాక్టరమ్మ తల ఊపింది, అనుకున్నదే అన్నట్టు. కాళ్ల దగ్గరికి వెళ్లింది. వేళ్లు, అరికాలు, చీలమండ. వాడు పలకలేదు.

"మండటం, మొద్దుబారడం వేళ్ల కొసల నుంచి పైకి వస్తాయి," అంది సిస్టరమ్మతో. "ఇక్కడికి కాస్త పైన ఆగాలి."

ఆగలేదు. పిక్క మీద గుచ్చింది. మోకాలి మీద గుచ్చింది. వాడు కళ్లు మూసుకుని, పలకడానికి నోరు కొంచెం తెరిచి, ఎదురుచూస్తున్నాడు. తొడ మీద గుచ్చింది. నాకు చూస్తుంటే ఒళ్లంతా సూదులు దిగుతున్నాయి. డాక్టరమ్మ చెయ్యి నెమ్మదించింది. తొడ పైకి వచ్చింది. పొత్తికడుపు మీదికి వచ్చింది. వాడు పలకలేదు. బొడ్డు పక్కన గుచ్చింది, పలకలేదు. బొడ్డుకి రెండు వేళ్ల పైన గుచ్చగానే ఉలిక్కిపడి "అబ్బా" అన్నాడు.

ఆవిడ రెండోవైపు కూడా చూసింది. సరిగ్గా అక్కడే. జేబులోంచి పెన్ను తీసి వాడి పొట్ట మీద అడ్డంగా గీత గీసింది.

సిస్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేడం, పోయిన రెండుసార్లూ నా చెయ్యి తేలికని పొగిడారు. గుచ్చినట్టే తెలియలేదు సిస్టర్, మీ చేతిలో ఏదో ఉంది అన్నారు. నేను మురిసిపోయాను."

"నేను అన్నది నిజమే సిస్టర్," అన్నాడు తమ్ముడు అమాయకంగా. "అది మాత్రం అబద్ధం కాదు."

డాక్టరమ్మ మొట్టమొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మాస్టరూ, నా మాట జాగ్రత్తగా వినండి. మీ చేతులకి వచ్చింది ఇంజెక్షన్ వల్ల. పొట్ట మీదిది దానివల్ల కాదు. ఆ మందు ఇలా నడుం దగ్గర గీత గీసినట్టు మొద్దుబారేలా చెయ్యదు. వెన్నుపూసల మధ్య గడ్డ ఏదో పెరిగి లోపలి నరాల తాడుని నొక్కుతున్నట్టుంది. స్కాన్ తీస్తే గానీ ఖాయంగా చెప్పలేను."

"రక్తంలో ఆ ప్రొటీను బాగానే దిగింది కదమ్మా?" అన్నాను.

"దిగింది. ఒక్కోసారి రక్తం ఒక మాట చెబుతుంది, ఎముక ఇంకో మాట చెబుతుంది. అందుకే మనిషిని అడిగేది." వాడి వైపు తిరిగింది. "పొట్ట చుట్టూ పట్టీ బిగించినట్టుందా?"

"గ్యాస్ అనుకున్నానండీ."

"నడుం నొప్పి మళ్లీ వచ్చిందా? పడుకుంటే ఎక్కువవుతోందా?"

"కూర్చునే నిద్రపోతున్నా."

"ఎవరికైనా చెప్పారా?"

"చెబితే ఇంజెక్షన్..." అని ఆగిపోయాడు.

ఇంతకాలం వాడు వేళ్లని ఇచ్చి ప్రాణాన్ని కొనుక్కుంటున్నాననుకున్నాడు. వేళ్లూ పోయాయి, దాచిపెట్టిన ఆ మౌనం కింద అసలు జబ్బు వెన్నులో ఇల్లు కట్టుకుంది. నాకు ఎవరి మీద ఏడవాలో తెలియలేదు. వాడి మీదా, కూర్చోబెట్టి జవాబులు నేర్పిన మరదలి మీదా, చచ్చిపోయి వీళ్లకి ఇంత భయం నేర్పిన గార్డుగారి మీదా? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి మేమే ఎత్తి మేమే వేసుకున్నాం.

"ఇవాళ మూత్రానికి ఎప్పుడు వెళ్లారు?" అంది డాక్టరమ్మ.

"పొద్దున... వెళ్లానండీ."

"మాస్టరూ."

"అబద్ధం కాదండీ. వెళ్లాననుకుంటా. ఈమధ్య తెలియడం లేదు."

నేను అప్పుడు చూశాను. మంచం మీది దుప్పటి వాడి కింద తడిసి, ఆ తడి మెల్లగా అంచు దాకా పాకుతోంది. వాడికి తెలియదు. చొక్కా విప్పుకుని, పొట్ట మీద గీతతో, పరీక్ష సరిగ్గా రాశానా అన్నట్టు డాక్టరమ్మ మొహంలోకే చూస్తున్నాడు. నేను లేచి నా స్వెట్టర్ తీసి వాడి మీద కప్పాను. "చలిగా లేదక్కా," అన్నాడు. చిన్నప్పుడు వీడి పక్కబట్టలు మార్చింది నేనే. అప్పుడు ఏడ్చి లేపేవాడు.

డాక్టరమ్మ లేచింది. ముందు స్టెరాయిడ్ ఎక్కించమని సిస్టరమ్మకి చెప్పింది, స్కాన్ గదికి ఫోన్ చేయమంది, మనిషిని లేవనివ్వొద్దంది, కదిపితే దుంగని కదిపినట్టు మొత్తంగా కదపాలంది. ఆ తర్వాత మా ముగ్గురి వంకా చూసింది.

"ఇంకొక్కటి అడుగుతాను. దీనికి మాత్రం నాకు నిజం కావాలి. కాళ్లు తేలిపోవడం, నడక తడబడటం ఎప్పుడు మొదలైంది? నిన్నో ఇవాళో అయితే వెంటనే ఆ నొక్కుడు తీయించి కాళ్లు నిలబెట్టడానికి అవకాశం ఉంటుంది. అంతకు ముందైతే నేను మాట ఇవ్వలేను."

తమ్ముడు నోరు తెరిచాడు. "నిన్ననే అండీ. నిన్న సాయంత్రం..."

"ఆదివారం," అంది మరదలు.

తెర వైపు తిరిగి ఉన్న మనిషి ఇటు తిరిగింది. కళ్లు తుడుచుకోవడం కూడా మానేసింది. "ఆదివారం పొద్దున్న ఓవెన్ దగ్గర రెండు కాళ్లూ మడతపడిపోయి కూలబడ్డారు. నేనే లేపాను. అప్పటి నుంచి పిండిబస్తాలు తోసే బండి పట్టుకునే నడుస్తున్నారు. గురువారం దాకా ఓపిక పట్టండి, ఇంజెక్షన్ పడితే సర్దుకుంటుందని నేనే చెప్పాను డాక్టరమ్మా. నేనే చెప్పాను."

డాక్టరమ్మ మరదల్ని ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. వంగి మంచం చక్రాల బ్రేకు తనే తన్ని వదిలింది, తలవైపు తనే పట్టుకుంది, సిస్టరమ్మ కాళ్లవైపు పట్టుకుంది. తెర చిరిగేలా పక్కకి లాగి బయటికి తోశారు. హాల్లో కుర్చీల్లోవాళ్లు కాళ్లు లోపలికి లాక్కున్నారు. జవాబులు అప్పజెప్పుకుంటున్న ఆ మొగుడూ పెళ్లాలు నోళ్లు తెరుచుకుని చూస్తుండిపోయారు. నేను మంచం పక్కన పరుగెడుతున్నాను.

నా తమ్ముడు మాత్రం తల వెనక్కి వాల్చి, మేం వదిలేసి వచ్చిన గది వైపే చూస్తున్నాడు. కళ్లనిండా భయం. స్కాన్ గురించి కాదు, కాళ్ల గురించి కాదు.

"ఆ ఇంజెక్షన్ ఇచ్చేసి తీసుకెళ్లండి డాక్టరమ్మా!" అని అరుస్తున్నాడు. "మందు కలిపేశారు కదా, పాడైపోతుంది! అక్కా, నువ్వైనా చెప్పు! ఇవాళ గురువారం అక్కా, ఇచ్చేసి తీసుకెళ్లమని చెప్పు!"